వైజాగ్ స్నో పార్కు: స్లైడ్‌కి 4 మార్కులు, బూట్లకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, రెండు జతల సాక్సు పట్టుకెళ్లండి. ఒకటి లోపలికి, ఇంకోటి బయటికొచ్చాక మార్చుకోడానికి. వాళ్లిచ్చే బూట్లు మీకు ముందు బ్యాచ్‌లో ఎవరో తొడుక్కుని విప్పినవి, లోపల స్పాంజి ఆరే టైమే ఉండదు, కాలు పెట్టగానే చిత్తడిగా తగులుతుంది. కౌంటర్లో అడిగితే "అన్నీ అలాగే ఉంటాయి సార్" అన్నారు. అన్నీ అలాగే ఉంటే అది ఇంకా పెద్ద తప్పు కదా!

ఇది మన ఊళ్లో ఒక ఇండోర్ స్నో పార్కు గురించి. పేరు రాయట్లేదు. లోపల పనిచేసే కుర్రాళ్లు చాలా మంచివాళ్లు, నేను పేరు పెట్టి రాస్తే సాయంత్రానికి మాట పడేది వాళ్లే, ఓనరు కాదు. ఏప్రిల్లో ఒక ఆదివారం సాయంత్రం వెళ్లాను, తర్వాత ఒక మంగళవారం పొద్దున మళ్లీ వెళ్లాను. ఆ రెండింటికీ తేడా ఉంది, అసలు ఈ రివ్యూ రాస్తున్నదే ఆ తేడా కోసం.

నా సంగతి ఒక్క ముక్క. ఫిషింగ్ హార్బర్ వైపు రొయ్యలు ఎగుమతి చేసే చోట కోల్డ్ స్టోరేజీ చూసుకోడం నా పని. 16 ఏళ్లుగా ఐస్‌తోనే బతుకు. దిమ్మ ఐస్, ఫ్లేక్ ఐస్, మైనస్ 18 స్టోరు, మైనస్ 40 బ్లాస్ట్ ఫ్రీజరు, మధ్యలో అమ్మోనియా ఘాటు. అందుకే "రోజూ చాలట్లేదా, ఎదురు డబ్బులిచ్చి మరీ చలిలోకి వెళ్తారా" అని మా ఆవిడ రానంది. పీకి పీకి తీసుకెళ్లింది మా మేనకోడలు. ఇంటర్ ఎంపీసీ పరీక్షలు అయిపోయాయి, ఎంసెట్‌కి చదువుతోంది, అంటే చదువుతోందని మా అక్క నమ్మకం. ఫిబ్రవరిలో మిలాన్, కోర్టినాల్లో జరిగిన వింటర్ ఒలింపిక్స్ ఫోన్లో చూసీ చూసీ దానికి ల్యూజ్, కర్లింగ్, యాక్సెల్ లాంటి మంచు ఆటల మాటలన్నీ నోటికొచ్చేశాయి. "మావయ్యా, ఫిజిక్స్ ప్రాక్టికల్స్ అనుకో" అంది. వాళ్లమ్మకీ అదే చెప్పి బయటపడింది.

టికెట్టు ఆదివారం 650, టైము 45 నిమిషాలు. స్కేటింగ్‌కి 20 నిమిషాలకి ఇంకో 300. లాకరుకి 100. సాక్సు లేకపోతే 60 పెట్టి అక్కడే కొనాలి, నేను కొన్నాను. ఇద్దరికీ 2,000 దాటింది. జాకెట్టు, గ్లవ్స్, ఆ బూట్లు టికెట్లోనే వస్తాయి. జాకెట్టు బాగానే ఉంది. గ్లవ్స్ మాత్రం మా స్టోర్లో లోడింగ్ వాళ్లకి ఇచ్చేవాటి కంటే పల్చన, పది నిమిషాల్లో వేళ్లు తెలియడం మానేశాయి.

రెండు తలుపులు దాటి లోపలికి వెళ్లాలి. బయట ఒళ్లంతా చెమట, మన సముద్రపు ఉక్క సంగతి తెలిసిందే, తలుపు తీయగానే ఆ తడిగాలి లోపలి చలికి తగిలి తెల్లటి పొగలా దొర్లుతుంది. జనం అది స్మోక్ మెషిన్ అనుకుని వీడియోలు తీస్తున్నారు. లోపల నీలం లైట్లు, చెవులు పగిలే డీజే, థర్మోకోల్ ఇగ్లూ. తెల్ల ఎలుగుబంటి పక్కన పెంగ్విన్‌ని నిలబెట్టారు. అది ఉత్తర ధ్రువం, ఇది దక్షిణం వైపు, రెంటికీ జన్మలో పరిచయం లేదు, ఇక్కడ మాత్రం భుజం భుజం రాసుకుంటున్నాయి.

కింద పరిచింది చేత్తో తీసి చూశా. ఇది స్నో కాదు, మా ఫ్లేక్ ఐస్‌కి తమ్ముడు. చల్లటి డ్రమ్ము మీద నీళ్లు పోసి, గడ్డకట్టిన పొరని బ్లేడుతో గీకితే రాలే పెచ్చులు. తప్పేం లేదు, కానీ తెలుసుకోవాలి. ఆకాశంలో పుట్టే స్నో నీటి ఆవిరి నుంచి నేరుగా స్ఫటికంగా పెరుగుతుంది, ఆరు కొమ్మలు, మధ్యలో బోలెడు గాలి, అందుకే దూదిలా ఉంటుంది. స్కీ పోటీల్లో గన్నులతో చిమ్మే కృత్రిమ మంచు మళ్లీ వేరు, అది సన్నటి నీటి తుంపర గాల్లోనే గడ్డకట్టి గుండ్రటి గింజల్లా పడుతుంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ దాదాపు మొత్తం అలాంటి మంచు మీదే నడిపారు. గట్టిగా ఉంటుంది, వేగం వస్తుంది, పడితే మాత్రం ఎముకలకి తెలుస్తుంది. మన భాషలో ఈ గొడవే లేదు, పొద్దున గడ్డి మీద పడ్డా మంచే, లంబసింగి దారిలో బండికి అడ్డొచ్చినా మంచే, హిమాలయాల మీదున్నదీ మంచే. లంబసింగిని అక్కడివాళ్లు కొర్రబయలు అంటారు, ఆరుబయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని. ఈ పార్కులో అంత సీను లేదు.

ఇక స్లైడ్. డబ్బులు దీనికే ఇచ్చామనుకోవాలి. మెట్లెక్కి పైకి వెళ్లి, రబ్బరు ట్యూబులో కూర్చుంటే వెనకనుంచి కుర్రాడు ఒక తోపు తోస్తాడు. మా మేనకోడలు మెట్లు లెక్కపెట్టింది, 20. ఒక్కోటి జానెడు కంటే కాస్త తక్కువ, 17 సెంటీమీటర్లు వేసుకుంటే మొత్తం ఎత్తు 3.4 మీటర్లు. స్లైడ్ పొడవు అడుగులేసి కొలిస్తే 18 మీటర్లు. రాపిడే లేకపోతే కిందకొచ్చేసరికి వేగం రూట్ టూ జీ హెచ్, అంటే సెకనుకి 8 మీటర్ల చిల్లర, గంటకి 29 కిలోమీటర్లు. మరి నిజంగా ఎంత? నేను దిగుతుంటే అది కింద నిలబడి వీడియో తీసి, చివరి 3 మీటర్లు దాటడానికి అర సెకను పట్టిందని తేల్చింది. సెకనుకి 6 మీటర్లు, గంటకి 21, 22 కిలోమీటర్లు. పైనుంచి తెచ్చుకున్న శక్తిలో సగానికి కాస్త తక్కువ రాపిడికీ గాలికీ పోయిందన్నమాట. అక్కడే క్యూలో నిలబడి ఫోన్ కాలిక్యులేటర్లో రాపిడి గుణకం, అంటే జారుడుకి అడ్డెంతో చెప్పే అంకె, తీసింది, దాదాపు 0.09. "పుస్తకంలో స్కీలకి మంచు మీద 0.05, 0.1 అలా ఉంటుంది మావయ్యా, సరిపోయింది" అని గెంతింది. క్యూలో వెనకున్నాయన మా ఇద్దర్నీ అదోలా చూశాడు.

గంటకి 22 అంటే స్కూటీ మీద సందులో వెళ్లే వేగం, మరి గుండె ఎందుకు నోట్లోకి వచ్చిందంటారా? కళ్లు నేలకి బాగా దగ్గరగా ఉన్నాయి, అదీ కారణం. ఎత్తు తగ్గేకొద్దీ పక్కన గోడలూ మనుషులూ అంత వేగంగా వెనక్కి పోతున్నట్టుంటుంది. పైగా చేతిలో బ్రేకు లేదు. ల్యూజ్ అంటే చిన్న స్లెడ్జి బండి మీద ఐస్ ట్రాకులో జారే పోటీ, అందులో వాళ్లు వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుపెట్టి, గంటకి 140 దాకా వెళ్తారు. బ్రేకు వాళ్లకీ ఉండదు. పిక్కలతో బండి కింది రన్నర్లని, అంటే జారే పట్టీలని, ముందువైపు నొక్కి, భుజాలు కాస్త దించి తిప్పుకోవాలి. ఆ వేగంలో సెకనులో వెయ్యో వంతుకి నాలుగు సెంటీమీటర్లు జరుగుతారు, అందుకే ఆ ఆటలో టైము వెయ్యో వంతు దాకా కొలుస్తారు. మన శివ కేశవన్ ఈ ల్యూజ్‌లోనే 1998 నాగానో నుంచి 2018 ప్యాంగ్‌చాంగ్ దాకా 6 వింటర్ ఒలింపిక్స్ ఆడాడు. మనాలి దగ్గరి మనిషి. ప్రాక్టీసుకి మంచు ట్రాకు దొరక్క, బండికి చక్రాలు బిగించి కొండ రోడ్ల మీద, వచ్చే పోయే వాహనాల మధ్యలోంచి జారేవాడు. మన అరకు ఘాట్‌లో ఎవరైనా వెల్లకిలా పడుకుని అలా దిగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

స్లైడ్‌లో ఒక తప్పుంది. కింద వాలు అయిపోయి సమంగా అయ్యే చోట వంపు తిప్పలేదు, పలకలా విరిచి వదిలేశారు. అక్కడ నడుం కింద టక్కుమని తగులుతుంది. వాలు 11 డిగ్రీలు, వేగం 6 మీటర్లు, లెక్కేస్తే ఆరేడు సెంటీమీటర్ల పైనుంచి పీట మీద కూలబడ్డట్టు. కుర్రకారుకి పర్లేదు, డిస్కు సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఎక్కకండి. స్కీ జంప్‌లో చూడండి, మనిషి గాల్లో వంద మీటర్ల పైన ఎగిరొచ్చి దిగినా కాళ్లు విరగవు, ఎందుకంటే దిగే కొండ వాలుని వాడు వచ్చే దారికి దగ్గరగా చెక్కుతారు, నేల వాడికి అడ్డం రాదు, వాడితో పాటే కిందికి వెళ్తుంది. వీళ్లు రెండు బస్తాల ఐస్ ఎక్కువ పోసి ఆ మూలని గుండ్రంగా చేస్తే సరిపోయేది. ఆ డబ్బులు ఎలుగుబంటికి పెట్టారు.

ఇంకో సంగతి. నేను 86 కిలోలు, మా మేనకోడలు 50 కూడా ఉండదు. పుస్తకం ప్రకారం బరువు రెండు వైపులా కొట్టేసుకుపోవాలి, ఇద్దరం ఒకే వేగంతో దిగాలి. మూడుసార్లు దిగితే మూడుసార్లూ నేనే ఎక్కువ దూరం వెళ్లాను. చివర గోడకి కట్టిన టైర్లని కొట్టుకున్నది నేనే, అది మీటరు ముందే ఆగింది. "గాలి" అంది కాస్త ఆలోచించి. గాలి అడ్డుకునే బలం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే, నా బరువుని అది అంతగా ఆపలేదు. ఒలింపిక్స్‌లోనూ ఈ తంటా ఉంది, బండిలో కూర్చుని ఐస్ ట్రాకులో జారే బాబ్స్‌లెడ్‌లో మనుషులు, బండి కలిపి ఇంతకి మించకూడదని లెక్క పెట్టారు, ల్యూజ్‌లో తేలికగా ఉన్నవాళ్లని కొంత బరువు కట్టుకోనిస్తారు. జీవితంలో నా పొట్ట నాకు పనికొచ్చిన మొదటి చోటు ఈ స్లైడే.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. నా బ్యాగులో ఆఫీసు థర్మామీటర్ గన్ను ఉంది, ట్రిగ్గరు నొక్కితే ఎదురుగా ఉన్న ఉపరితలం ఎంతుందో చూపించేది. అలవాటు కొద్దీ పట్టుకెళ్లా. గోడ మీద పెద్ద ఎర్రంకెల బోర్డు "మైనస్ 7" అంటోంది. గన్ను స్లైడ్ మీద పెడితే మైనస్ 3. స్కేటింగ్ రింకు మీద పెడితే మధ్యలో మైనస్ 2, అంచుల్లో సున్నా, అక్కడ నీళ్లు కళ్లకే కనిపిస్తున్నాయి. బోర్డు అబద్ధం చెప్పట్లేదు, అది పైన ఫ్యాన్ ఎదురుగా గాలిని కొలుస్తోంది. మనం జారేది గాలి మీద కాదు కదా.

ఈ నాలుగైదు డిగ్రీలకి ఇంత గొడవేంటంటారేమో. ఐస్ ఎందుకు జారుతుందో అన్నదానికి మా మేనకోడలు చదివిన జవాబు ఒత్తిడి. స్కేటు బ్లేడు సన్నం, ఒత్తిడి ఎక్కువ, ఒత్తిడికి ఐస్ కరిగి నీరవుతుంది, జారతాం. వినడానికి బావుంటుంది. కానీ ఐస్ కరిగే స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే మామూలు గాలి ఒత్తిడికి 130 రెట్ల పైన కావాలి. నా 86 కిలోలూ ఒక్క బ్లేడు మీద మోపినా పదో వంతు డిగ్రీ కూడా రాదు. అంచు మీద నిలబడితే ఒకటో రెండో డిగ్రీలు వస్తాయేమో. మరి మైనస్ 10లో ఎలా జారుతున్నారు? అరచేయంత వెడల్పు స్కీ బరువుని పరిచేస్తుంది, ఒత్తిడి ఏమీ ఉండదు, అదెలా జారుతోంది? మా ట్యూబు సంగతేంటి?

అసలు విషయం ఐస్ పైపొరలో ఉంది. లోపలి అణువుల్ని అన్ని వైపులా పక్కవాళ్లు పట్టుకుని ఉంటారు, పైన ఉన్నవాటికి ఒక వైపు ఎవరూ లేరు, అందుకని అవి సున్నా కంటే కిందే కాస్త వదులుగా, నీళ్లకీ గడ్డకీ మధ్యలో ఉంటాయి. ఫారడే అనే శాస్త్రవేత్త 1850లోనే రెండు ఐస్ ముక్కలు ఆనిస్తే అతుక్కుపోవడం చూసి ఈ పొర ఉండాలన్నాడు. మాకు ఫారడే చెప్పక్కర్లేదు, పొడిపొడిగా ఉన్న ఫ్లేక్ ఐస్ బిన్‌లో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఒకే గడ్డ, పార పెట్టి పొడవాలి. దానికి తోడు జారేటప్పుడు రాపిడికి పుట్టే వేడి ఇంకాస్త కరిగిస్తుంది, 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు తేల్చింది అదే.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మరీ చల్లగా ఉంటే ఆ పైపొర బిగుసుకుపోయి జారదు. అంటార్కిటికాకి వెళ్లిన పాతకాలం వాళ్లు గడ్డ చలిలో స్లెడ్జి లాగుతుంటే ఇసకలో లాగినట్టుందని వాపోయేవాళ్లు. మరీ వెచ్చగా ఉంటే ఐసే మెత్తబడి, బ్లేడు దిగబడి, దున్నినట్టు అవుతుంది. నునుపుగా జారేది ఈ రెంటికీ మధ్య. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే అన్నిటికంటే తక్కువ రాపిడి మైనస్ 7 దగ్గర వచ్చింది. అది చదివిన రోజు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా స్టోర్లో 16 ఏళ్లలో మనుషులు జారిపడింది మైనస్ 18లో నడిమధ్య కాదు, తలుపు దగ్గర. అక్కడ బయటి తడిగాలి నేల మీద పేరుకుని గడ్డకడుతుంది, పైగా లోపలంత చల్లగా ఉండదు. అక్కడ ఇసక చల్లే డ్యూటీ కూడా ఒకరికి ఉంది.

అంటే బోర్డు మీద రాసిన అంకె సరైనదే, అది కాళ్ల కింద లేదు, అంతే. ఎందుకు లేదో చూస్తే తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం ఆ హాల్లో నా లెక్కకి 60 మంది పైనే. ఒక్కో మనిషి ఊరికే నిలబడితేనే 100 వాట్లు వేడి వదులుతాడు. 60 మందికి 6 కిలోవాట్లు. ఏసీ "టన్ను" అంటాం కదా, అది ఐస్ నుంచి వచ్చిన మాటే, రోజుకి ఒక టన్ను ఐస్ కరగడానికి పట్టే వేడిని లాగేయడం, అంటే మూడున్నర కిలోవాట్లు. మా అరవై మంది ఒంటివేడిని తోడటానికే దాదాపు రెండు టన్నుల మిషను కావాలి. పైగా లైట్లు, డీజే పెట్టెలు, పదిహేను నిమిషాలకోసారి తెరుచుకునే తలుపులోంచి వైజాగ్ ఉక్క. ఇన్ని టికెట్లు అమ్మాలంటే కంప్రెసరు దానికి తగ్గట్టు పెట్టుకోవాలి. లేదా బ్యాచ్‌కి 30 మందిని పంపాలి. వీళ్లకి మంచు చూపించడం వచ్చు, జారనివ్వడం రాదు.

రింకు సంగతి. చిన్నది, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నాలుగు కార్లు పట్టేంత. స్కేట్లు తొడుక్కుని గోడ పట్టుకుని నిలబడ్డా. ఎటు తోసినా కాలు పక్కకే పోతోంది, ముందుకి కదలదు. విప్పి బ్లేడు మీద గోరు ఆనించి గీశా, గోరు మీద పొడి రాలాలి, రాలలేదు, అంచు గుండ్రంగా అరిగిపోయింది. స్కేటు కిటుకంతా అంచులోనే ఉంది. బ్లేడు అడుగున మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, దానివల్ల రెండు వైపులా రెండు పదునైన అంచులు. పొడవునా జారాలి, పక్కకి మాత్రం దిగి పట్టుకోవాలి. ఆ పట్టు మీదే కాలు వెనక్కి, పక్కకి తోస్తే మనిషి ముందుకి పోతాడు. పదును పోతే తోయడానికి ఆధారమే లేదు, నూనె నేల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తినట్టే. కౌంటర్ కుర్రాడికి చూపించా.

"పదునుంటే పిల్లలకి తెగుతాది సార్" అన్నాడు.

"పదును లేకే పడుతున్నారయ్యా" అన్నా.

అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించి "నాకూ తెలుసు సార్, సానరాయి అడిగి రెండు నెలలైంది" అన్నాడు. లోపలికెళ్లి తను వాడుకునే జత తెచ్చి మా పిల్లకి ఇచ్చాడు. అదృష్టం, సైజు సరిపోయింది. చిన్నప్పుడు శివాజీ పార్కులో రోలర్ స్కేటింగ్ నేర్చుకున్నాడట. చక్రాల మీద వచ్చినవాడికి ఐస్ మీద తిరగడం త్వరగా వస్తుంది, ఆగడమే కష్టం అన్నాడు. ఆగి చూపించాడు కూడా, రెండు బ్లేడులూ అడ్డం తిప్పి నొక్కితే ఐస్ పొడి ఫౌంటెన్‌లా లేచింది. మా మేనకోడలు అది చూసి నన్ను మర్చిపోయింది.

పది నిమిషాల్లో తను గోడ వదిలేసింది. పావుగంటకి చేతులు చాచి మెల్లగా చుట్టు తిరిగి, చేతులు గుండెకి హత్తుకుంది. వేగం తన్నుకొచ్చింది, ఒకటిన్నర చుట్టు తిరిగి కూలబడింది. కూలబడే నవ్వుతూ "యాంగులర్ మొమెంటమ్!" అని అరిచింది. బరువు ఇరుసుకి దగ్గరికి లాక్కుంటే తిరిగే వేగం పెరుగుతుందని రివాల్వింగ్ కుర్చీలో చేసి చూపించే లెక్చరరు బొమ్మ దానికి అప్పటిదాకా మార్కుల కోసం గుర్తున్నది, ఇప్పుడు నడుముకి గుర్తుంటుంది. 2022లో అమెరికా స్కేటర్ ఇల్యా మాలినిన్ పోటీలో మొదటిసారి క్వాడ్ యాక్సెల్ దిగాడు, అంటే ఒక సెకను కూడా గాల్లో లేకుండా నాలుగున్నర చుట్లు. ఎత్తు ఎగరడం ఒక్కటే చాలదు, ఒళ్లు పెన్సిల్‌లా ముడుచుకోవాలి. దిగే ముందు చేతులు విప్పకపోతే తిరుగుడు ఆగదు, విప్పడం ఎప్పుడన్నదే ఆట.

20 నిమిషాలు అన్నారు కానీ 17కే విజిలు ఊదారు. చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

క్యాంటీన్‌లో మ్యాగీ 120, టీ 40. టీ బావుంది, చలిలోంచి వచ్చినవాడికి ఏ టీ అయినా బావుంటుంది. బల్ల తడిగా ఉంది. మేనకోడలు ఖాళీ గ్లాసు బోర్లించి, కుడిచేతి వాటంగా గడియారం తిరిగే దిక్కున తిప్పుతూ నా వైపు జార్చింది. గ్లాసు పిల్లకి ఎడమవైపుకి వంగింది. "కర్లింగ్ రాయైతే కుడికి వంగుతుంది మావయ్యా, అదే తిప్పు తిప్పితే" అంది. నిజమే. కర్లింగ్ అంటే ఐస్ మీద రాయిని గురి చూసి జార్చే ఆట. దాదాపు 20 కిలోల గ్రానైటు రాయి, ఎక్కువగా స్కాట్లాండ్ దగ్గర ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి నుంచి వచ్చేది, ఐస్ మీద ముందుగా చల్లి గడ్డకట్టించిన నీటి బొట్ల మీద నడుస్తుంది. ముందు ఇద్దరు చీపుళ్లతో రుద్దుకుంటూ పోతారే, ఆ రుద్దుడికి బొట్లు కాస్త వేడెక్కి రాయి ఇంకా దూరం పోతుంది, తక్కువ వంగుతుంది. గ్లాసుకి వ్యతిరేకంగా ఎందుకు వంగుతుందో శాస్త్రవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మా ప్లాంటులో బక్కపల్చటి మనిషి ఒక్కడు కొక్కెం తగిలించి, తనకంటే బరువైన ఐస్ దిమ్మని తడి నేల మీద గిర్రున తిప్పి క్రషర్ నోట్లోకి గురి చూసి వదులుతాడు, ఒక్కసారీ తప్పదు. అతనికి ఈ ఆట చూపించాలి.

రెండోసారి మంగళవారం పొద్దున మొదటి బ్యాచ్‌కి ఒక్కణ్ణే వెళ్లాను, ఆఫీసుకి లేటవుతుందని చెప్పి. టికెట్టు 450. లోపల 11 మందిమి. గన్ను స్లైడ్ మీద మైనస్ 6 చూపించింది, రింకు మధ్యలో మైనస్ 5. రాత్రంతా ఎవరూ తొక్కలేదు కదా. రింకు మీద వేడినీళ్లు పోసి తుడుస్తున్నారు, వేడినీళ్లేంటని పక్కాయన ఆశ్చర్యపోయాడు. వేడినీళ్లలో గాలి తక్కువ ఉంటుంది, పైగా కింది పొరని కాస్త కరిగించి అందులో కలిసి గడ్డకడుతుంది, గీతలు పూడిపోయి అద్దంలా వస్తుంది. పెద్ద రింకుల్లో బండితో చేసేది వీళ్లు బకెట్టుతో, రబ్బరు వైపరుతో చేస్తున్నారు. చేసింది ఆ శివాజీ పార్కు కుర్రాడే. రాయి వచ్చిందా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. బూట్లు మాత్రం పొడిగా ఉన్నాయి, మొదటి బ్యాచ్ కదా.

కాబట్టి వెళ్తే పనిరోజుల్లో మొదటి బ్యాచ్. ఆదివారం సాయంత్రం మాత్రం 650 పెట్టి వెళ్లకండి, అంతకంటే బీచ్ రోడ్డులో కూర్చుని ముంత మసాలా తినండి. కళ్లజోడు ఉన్నవాళ్లు బయటికొచ్చాక రెండు నిమిషాలు తుడవకండి, తుడిచేకొద్దీ మళ్లీ మళ్లీ ఆవిరి పడుతుంది, అద్దం వేడెక్కేదాకా ఆగాల్సిందే. నేను ఆ మసకలో ఎవరిదో బండి తాళం తీయబోయాను.

ఆ రోజు స్లైడ్ మీద ఎంత వేగం వచ్చిందో చెప్పలేదు కదూ. వీడియో తీయడానికి మనిషి లేడు, కొలవలేదు. టైర్లని కొట్టుకుని ట్యూబుతో సహా పైకి లేచి పడ్డాను, పైనుంచి కుర్రాడు "సార్, ఇంకోసారా?" అని అరిచాడు. అప్పటికే మెట్ల దగ్గరున్నా.